పసుపు తీసేసిన గదులు

మా బావ మనుషుల ఫోటోలు తీయడు. గదులు తీస్తాడు. హోటల్ గదులు, కొత్తగా కట్టిన ఇళ్ల హాళ్లు, ఎవరూ కూర్చోని సోఫాలు. పెళ్లికి రమ్మంటే "మనుషులు కదులుతారు, నాకు పడదు" అంటాడు. ఆయనది మీడియం ఫార్మాట్ కెమెరా. మామూలు వాటికన్నా పెద్దది, బరువు, దుప్పటి మీద చిన్న ముడతను కూడా దాచదు. దాన్ని స్టాండు మీద పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పెడతాడు. అంత అపురూపంగా మా అక్కనెప్పుడైనా చూశావా అని ఏడిపించేవాణ్ణి. అక్క పోయాక ఆ వేళాకోళం మానేశాను.

ఆయనకు అసలు తంటా వెలుతురుతోనే. కిటికీలోంచి వచ్చే వెలుగు నీలం, టేబుల్ ల్యాంపుది పసుపు, ట్యూబులైటుది ఆకుపచ్చ. మన కన్ను సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకోదు. ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్లు అనుకోండి. బావ ఒక్కో దీపాన్నే వెలిగించి ఒక్కో ఫోటో తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని వాటి మధ్య రాజీ కుదురుస్తాడు. గదిలో ఒక బూడిదరంగు అట్ట పెట్టి తీస్తే, దాన్నిబట్టి కంప్యూటరే రంగులు సరిచేస్తుంది. కానీ ఆయన అక్కడితో ఆగడు. దీపం దగ్గర ఎంత పసుపు మిగలాలో తన కంటికే తెలుస్తుందని ఆయన ధీమా.

ఆ ధీమాకే దెబ్బ తగిలింది. ఏళ్ల తరబడి పని ఇస్తున్న హోటల్ మేనేజరు ఫోటోలు తిప్పి పంపాడు. గదులు ఆసుపత్రి వార్డుల్లా ఉన్నాయట. సరిచేయకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటాడట. బావకు మిగిలిన పని అదొక్కటే. అదీ పోతే ఆ మనిషికి పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు. అందుకే పిలవగానే వెళ్లాను.

"వాడికి కళ్లు నెత్తికెక్కాయిరా. నువ్వు చూసి చెప్పు, ఇందులో తప్పేముంది?" అన్నాడు.

చూశాను. తెల్లటి దిండ్లు నీలిమందులో ముంచి తీసినట్టున్నాయి. దీపం వెలుగుతూనే ఉంది గానీ ఆ గదిలో పడుకోవాలంటే రెండు దుప్పట్లు కావాలి.

"కొంచెం నీలంగా లేదూ బావా?"

"నీలమా? పసుపు ఎక్కువైందని నేనింకా తీస్తుంటే! నీకేం తెలుసురా రంగుల గురించి? మా ఇంటి గోడ చూడు ముందు, ఎలా పచ్చబడిపోయిందో. రంగు వేయించాలి."

గోడ తెల్లగా ఉంది. మల్లెపువ్వులా ఉంది.

కంటి డాక్టరు దగ్గరికి ఆయన్ని లాక్కెళ్లడానికి నా తాతలు దిగొచ్చారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి పచ్చబడ్డాయని డాక్టరు తేల్చింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత విన్నాను గానీ, కామెర్లు లేకుండానే ఆ అవస్థ మా బావకు పట్టింది. లోకంలో లేని పసుపును ఆయన పూటపూటా కూర్చుని ఫోటోల్లోంచి తీసేస్తున్నాడన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేనేజరు మంచివాడు, కళ్లు బాగయ్యాకే చేసిమ్మన్నాడు.

ఆపరేషన్లు రెండూ అయ్యాక బావ మొదట హోటల్ ఫోటోలు తెరవలేదు. పాతవన్నీ వరసగా తెరిచాడు. అక్క ఉన్నప్పటివి బాగానే ఉన్నాయి. ఆ తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి నీలం.

"ఇన్నేళ్లూ ఒక్కరూ అనలేదేంరా?"

"అదే నీ స్టైలు అనుకుని ఉంటారు."

ఆయన నవ్వలేదు. హోటల్ గదులన్నిటినీ మళ్లీ మొదటినుంచీ సరిచేశాడు. మేనేజరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు, కొత్త అంతస్తు గదులు కూడా తీయమన్నాడు. గండం గడిచిందని నేను సంతోషపడ్డాను. ఆ సాయంత్రమే బావ ఒక ఫోటోను కాగితం మీద అచ్చు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది బావా," అన్నాను, సగం చూసి.

"బాగుందని అందరూ అంటారురా. మీ అక్క అనేది కాదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, 'బాలేదండీ, మళ్లీ చెయ్యండి' అనేది. నాకు ఒళ్లు మండేది. అన్నం మానేసి మరీ అలిగేవాణ్ణి. అది ఉంటే మొదటి ఫోటోకే పట్టేసేది." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఇప్పుడు కళ్లు బాగానే కనిపిస్తున్నాయి. బాలేదనే మనిషే లేదు."

ఫోటో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. అటూ ఇటూ తిప్పాను. ఎంతసేపు వెతికినా నాకు ఒక్క తప్పూ దొరకలేదు. బావ వెనకే నిలబడి నా నోటివైపే చూస్తున్నాడు.