నలభై రెండో లెక్క

2013 వానాకాలం. నారాయణఖేడ్‌లో తహసీల్ ఆఫీసుకు ఎదురు వరుసలో, జిరాక్స్ దుకాణం పక్క గదిలో కూర్చునేవాణ్ని. దరఖాస్తులు రాయడం, భూముల పంపకం కాగితాలు లెక్కగట్టి టైపు చేయడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కల పిచ్చి ఆగలేదు. నలభై దాటాక కంప్యూటరు కొని, పుస్తకం ముందు పెట్టుకుని జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాము భాష నేర్చుకున్నాను.

మా దగ్గర భూమిని ఎకరాలు, గుంటల్లో చెప్తారు. నలభై గుంటలు ఒక ఎకరం. కాగితం మీద మధ్యలో చుక్క పెడతాం: 2.35 అంటే రెండెకరాల ముప్పై అయిదు గుంటలు. చుక్క ఉంది కదా అని దశాంశంలా కూడితే తప్పొస్తుంది. అందుకని నెట్‌లో ఉచితంగా దొరికే ఒక కొలతల లైబ్రరీ తెచ్చుకున్నాను. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్కల మూట. దాని సోర్స్ కోడ్, అంటే మనిషి చదవగలిగే అసలు రాత, పంతొమ్మిది ఫైళ్లు. ఇరవయ్యోది గుంటల కూడిక కోసం నేను రాశాను. అన్నిటినీ కలిపి, బ్రౌజరు పేజీలో వాడుకునే ఒకే ఫైలుగా చేయడాన్ని బిల్డ్ అంటారు. మా కరెంటుకు, మా నెట్‌కు ఆ బిల్డ్ పూర్తయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది.

తర్వాత టెస్టులు. జవాబు ముందే తెలిసిన లెక్కను ప్రోగ్రాముకిచ్చి, అదేం చెప్తుందో చూడటం. నలభై ఒకటి రాశాను. సులువైనవి పెడితే పరీక్షేముందని మొండి అంకెలే ఏరాను: 3.37, 1.29, 0.39. నలభై ఒకటీ పాసయ్యాయి. ఆ రోజు నుంచి చేతి లెక్క మానేశాను.

పదకొండో రోజు నాగల్‌గిద్ద వైపు నుంచి సుగుణమ్మ వచ్చింది. భర్త పోయి మూడేళ్లు. వెంట ఆమె బావ, అంటే భర్త అన్న, దేవదాసు. ఉన్న భూమి ఇద్దరికీ సమానం. పెద్ద ముక్క ఆయనకు, చిన్నవి రెండూ ఆమెకు. మర్నాడే రిజిస్ట్రేషను. ఆమె ముక్కలు రెండూ మెట్ట చెల్కలు, 1.15, 2.30. కొట్టాను. కాగితం వచ్చింది.

"సదువు పటేలా, నాకు అచ్చరాలు రావు," అంది సుగుణమ్మ.

"నీ వాటా మూడెకరాల పద్దెనిమిది గుంటలు."

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. ఆమె కొంగు బిగించింది. "గట్లెట్లయితది? నా రెండు చెల్కలు కలిస్తె నాలుగు దాటుతది."

దేవదాసు నేలవైపు చూస్తూ అన్నాడు, "మిషిన్ లెక్క సుగుణా. నీ నోటి లెక్కకన్న ఎక్కువనే తెలుస్తది దానికి."

"మిషిన్ దున్నిందా బావా నా చెల్క? నేను దున్నిన."

నాకు కోపమొచ్చింది. అప్పుడు నేనన్న మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. "అమ్మా, నలభై ఒక్క లెక్కలు అడిగి చూసిన. ఒక్కటి తప్పలే," అన్నాను.

"నా లెక్క అడిగినవా?"

ఆమె నా బల్ల మీది పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. "నలభై రెండోది నాది. ఇగ నీ చేత్తోని చెయ్యి."

పదిహేను, ముప్పై కలిస్తే నలభై అయిదు. నలభై పోతే ఒక ఎకరం, అయిదు గుంటలు. మొత్తం నాలుగెకరాల అయిదు గుంటలు. రెండో తరగతి పిల్ల చేసే లెక్క. కాగితం మీద మూడెకరాల పద్దెనిమిది. ఇరవై ఏడు గుంటలు గాలికి పోయాయి.

"నాలుగు అయిదు," అన్నాను.

"బావకెంత?"

"నాలుగు అయిదే."

ఆమె దేవదాసు వైపు తిరిగింది. "సమానమని నీకు ఎరుకనే గదా. మూడని సదివితె మిషిన్ దిక్కెందుకు మాట్లాడినవ్?"

నేను కాగితం చింపి చేత్తో కొత్తది రాశాను. సుగుణమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకుని లేచింది.

ఆ మధ్యాహ్నం గది తలుపు దగ్గరేసి ఇరవై ఫైళ్లూ వరుసగా చదివాను. ఏడో ఫైలులో దొరికింది. మనం కొట్టిన రాతను శుభ్రం చేసి అంకెగా మార్చడం దాని పని. దశాంశంలో చివరి సున్నాకు విలువ లేదు కాబట్టి 2.30 కాస్తా 2.3 అయింది. నా ఇరవయ్యో ఫైలు దాన్ని మూడు గుంటలుగా చదివింది. ఏడో ఫైలు తప్పేం చేయలేదు, దానికి గుంటలంటే ఏం తెలుసు? అది నేను రాసింది కాదని నేనే చదవలేదు. మొండి అంకెలు ఏరుతూ సున్నాతో ముగిసేది ఒక్కటీ పెట్టలేదు. ఊళ్లో భూములేమో తరచూ పది, ఇరవై, ముప్పై గుంటల మీదనే ఆగుతాయి.

అప్పుడు తట్టింది. ఈ పదకొండు రోజుల్లో ఇంకా ఆరు కాగితాలు ఇచ్చాను. నకళ్లు తీసి వేళ్ల మీద లెక్కగట్టాను. అయిదు సరిగ్గా ఉన్నాయి. ఆరోది మనూర్ వాళ్లది. అందులో 1.20 ఉంది. ఎకరం ఇరవై గుంటలు ఎకరం రెండు గుంటలైంది. ఉన్నపళంగా బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే భయం, సంతకాలు అయిపోయాయేమోనని. పెద్ద కొడుకు ఊరి నుంచి రాలేదని కాగితం బైబిల్లో మడిచి పెట్టారట. ఇంటి పెద్దాయన తీసిచ్చి, "తప్పని చెప్పనీకి గింత దూరమొస్తరా ఎవలన్న?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడే కూర్చుని చేత్తో కొత్తది రాసిచ్చాను.

ఏడో ఫైలును గుంటలకు తగ్గట్టు, చివరి సున్నా పోకుండా మార్చి మళ్లీ బిల్డ్ చేశాను. ఇప్పుడు నా టెస్టుల జాబితాలో అన్నిటికన్నా పైన ఉండేది 1.15, 2.30. దాని పేరు సుగుణమ్మ. మనకు కష్టమైన లెక్కతో ప్రోగ్రామును పరీక్షిస్తే మన తెలివి ఎంతో తెలుస్తుంది, అంతే. అది మనుషులకు పనికొస్తుందో లేదో తెలియాలంటే వాళ్ల నోట రోజూ వచ్చే లెక్కనే అడగాలి. బిల్డ్ చేసిన ప్రతిసారీ ముందు ఆ వరుస పాసవ్వాలి. అది పాసయ్యేదాకా మిగతా నలభై ఒకటి వైపు చూడను.