రామబ్రహ్మం రాసిన రోబోలు

విజయపురి సౌత్‌లో రామబ్రహ్మం సంగతి అడిగితే ఎవరైనా రెండు మాటలు చెబుతారు. నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాడు, రోబోల కథలు రాస్తాడు. ఆ కథల్లో రోబో ఎప్పుడూ ఒకటే తీరు. మొదట ఇల్లు ఊడుస్తుంది, పిల్లల్ని ఆడిస్తుంది. ఆ తర్వాత తెలివి మీరి యజమాని పీక పట్టుకుంటుంది.

పత్రికకు పంపేముందు ప్రతి కథా భార్య సుభాషిణికి చదివి వినిపించాల్సిందే. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ వినేది. ఒక కథ విన్నాకైతే మిక్సీ ప్లగ్గు పీకేసి గానీ పడుకోలేదు. రచయితకు అంతకన్నా ఏం కావాలి? వారం రోజులు మీసం మెలేస్తూ తిరిగాడు.

ఇప్పుడు ఆ సుభాషిణికే మోకాలు అరిగిపోయింది. గోడ పట్టుకోనిదే అడుగు పడదు. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టర్ షాహిదా ఎక్స్‌రే చూసి, ఎముక బాగా వంకరపోయిందనీ, రోబో సాయంతో ఆపరేషన్ చేస్తే కొత్త కీలు కొలత తప్పకుండా అమరుతుందనీ చెప్పింది.

"నేను చచ్చినా చేయించుకోను," అంది సుభాషిణి.

"దానంతటది ఏమీ చెయ్యదు పిన్నీ. నేను చెప్పినట్టే వింటుంది."

"ఈయన కథల్లోనూ మొదట అట్టాగే వింటయ్యి."

డాక్టరు రామబ్రహ్మం వంక చూసింది. ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక బతిమాలాడు, కోప్పడ్డాడు. ఆమె వింటేగా! ఒక మధ్యాహ్నం బాత్రూములో జారిపడి, లేవలేక, ఆయన వచ్చిందాకా తడి బండల మీదే కూర్చుని ఏడ్చింది. ఆయనే లేపి మంచం మీద కూర్చోబెట్టాడు. ఇట్లాగే వదిలేస్తే మనిషి మంచం పడుతుంది. ఆ పాపం తనదే.

"ఏమే, నేను రోబోని కళ్లతో చూసింది లేదు. ఆ కథలన్నీ ఉత్తయే."

"అన్నీనా?"

"అన్నీ. అది మనిషిని ఏమీ చెయ్యదు. నాకు రవ్వంత కూడా భయం లేదు."

"నా నెత్తి మీద చెయ్యిపెట్టి చెప్పు."

చెయ్యి పెట్టాడు, చెప్పాడు. ఇన్నేళ్ల రాతను తన నోటితోనే కొట్టేసుకున్నాడు. ఆమె మాత్రం అప్పుడే సరేనంది.

ఆపరేషన్ రోజు స్ట్రెచర్ వెంట థియేటర్ తలుపుదాకా నడిచాడు. తలుపు తెరిచారు. లోపల ప్లాస్టిక్ తొడుగేసిన తెల్లటి చెయ్యి ఒకటి మంచం మీదికి వంగి ఉంది. రామబ్రహ్మం రోబోను చూడటం అదే మొదలు. అచ్చం తను రాసినట్టే ఉంది. గబగబా షాహిదా దారికి అడ్డంపడ్డాడు.

"అమ్మా, అది ఆగమంటే ఆగుద్దా?"

"ఎందుకాగదు బాబాయ్, ఆగుద్ది," అని ఆమె నవ్వి లోపలికి నడిచింది.

గొంతు తగ్గించే అడిగాడు గానీ, స్ట్రెచర్ మీది మనిషి తల తిప్పింది. ఏ కథ విన్నప్పుడూ ఆ ముఖం అంతగా పాలిపోలేదు.

"నా నెత్తి మీద గదయ్యా ఒట్టేసింది," అంది సుభాషిణి.

ఆయన నోరు తెరిచేలోగా స్ట్రెచర్‌ని లోపలికి తోసి తలుపు మూసేశారు.