కాళ్లు కలవని పాట

మా బ్యాండు రెండో క్యాసెట్ మానుకోట చేరినప్పుడు నేను అవసరం లేని చాయ్ చాలా తాగాను. స్టేషన్ రోడ్డులోని హోటల్లో మా పాట పెడుతున్నారని తెలిసి, పొద్దున ఒకసారి, ఎండ తిరిగాక ఒకసారి అక్కడికి పోయి కూర్చునేవాణ్ని. పెళ్లిళ్లకు వాయించేవాడు ఎర్రకోటు విప్పితే ఎవరి కంటికీ ఆనడు. హోటలాయనకు ఒక్కడికే నేను తెలుసు. జనం ఏమనుకుంటున్నారో చాటుగా వినాలని నా ఆశ. విన్నకొద్దీ కుదురు పోయేది.

బ్యాండుకు పెద్ద మా పెద్దబాపు, మా నాయనకు అన్న. అరవై తొమ్మిది ఉద్యమంలో బడులు మూతబడి ఏడాది చదువు గంగలో కలిసినప్పుడు, ఊరి మీద పడి తిరుగుతున్న నన్ను చెవి పట్టి తెచ్చి చేతికి క్లారినెట్ ఇచ్చింది ఆయనే. బడి మళ్లీ తెరిచారు, నేను మళ్లీ పోలేదు. చాలా ఏళ్లకు టేప్ రికార్డర్లు ఊళ్లకొచ్చాక మా మొదటి క్యాసెట్ వచ్చింది. అంతా తీన్మార్, కాలు ఆగనివ్వని దరువు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ట్రాక్టర్లలో, కల్లు దుకాణాల్లో అదే మోగింది.

ఆ ధైర్యంతోనే రెండో క్యాసెట్‌లో ఒక పక్క మొత్తం నాకిమ్మని పెద్దబాపు ప్రాణం తీశాను. గూడూరు అవతల అడవి పల్లెల పెళ్లిళ్లలో విన్న డోలు నా తలలో తిరుగుతుండేది. నిదానంగా మొదలై, ఉరికి, మళ్లీ నిదానించే దరువు. దాని మీద పొడుగాటి పాట కట్టాను. బరాత్ ఊరేగింపులో పెళ్లికొడుకు ముందు అది నడవాలని నా కోరిక. జనగామలో కిటికీలకు బొంతలు కట్టి మమ్మల్ని రికార్డు చేసినతను, "ఎప్పుడైపోతదన్నా గిది?" అని అడిగాడు. నాకు అందిన మొదటి అభిప్రాయం అదే.

"ముందటి క్యాసెట్ పెడితే గిరాకీ గ్లాసు పట్టుకునే ఎగురుతుండె," అన్నాడు హోటలాయన, నా మొహం మీదే. "గిదేంది తమ్మీ, కాళ్లు కలుస్తలేవు. జర ఊపుకొచ్చినమంటే దరువు మారుస్తవు."

పక్క బల్ల మీదున్న ట్రాక్టర్ డ్రైవర్ అందుకున్నాడు. "మొన్న బండిల పెట్టిన. నడుమల ఇంజన్ కొట్టుకుంటున్నదని దిగి చూసిన. ఇంజన్ మంచిగనే ఉన్నది, గా చప్పుడు పాటల్నే."

హోటలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి అన్నం తినలేదు. మెచ్చుకున్నవాళ్లు లేరని కాదు. రైల్వే గుమాస్తా ఒకాయన, "మొదటిదానికన్నా చాలా ఎదిగింది," అన్నాడు. ఏం ఎదిగిందని అడిగితే, "అదే, పెద్దగా ఉంది కదా," అన్నాడు. తిట్టినవాళ్ల కంటే ఆయన మీదే నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

గూడూరులో ఒక బరాత్‌లో నా పాట ఎత్తుకున్నాం. కుర్రాళ్లు బాగానే ఎగిరారు. దరువు మారగానే ఒకరి కాలు ఒకరు తొక్కి ఆగిపోయారు. పెళ్లికొడుకు బావ, "ఏమైంది, బ్యాండోళ్లు కొట్లాడుకుంటున్నరా?" అని అరిచాడు. పెద్దబాపు నా వైపు చూడకుండానే తీన్మార్‌కు మళ్లించాడు. తిరిగొచ్చేటప్పుడు తేల్చేశాడు.

"ఈ పెండ్లిళ్ల దినాలల్ల నీ పాట ఒక్క బరాత్ ముందట సాఫ్‌గ నడిచిందా, ఉంటది. లేదా, బంద్."

సరిగ్గా అప్పుడే కొడకండ్ల నుంచి ఒక పెద్దరైతు వచ్చాడు. "మా పిలగాని బరాత్‌ల మీ పెద్ద పాటే కొట్టాలె. తీన్మార్ అందరు పెడ్తరు," అన్నాడు. నేను నేల మీద లేను. రోజూ సాధన, రోజూ మార్పులు. బ్యాండులో అందరూ నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవారు.

హోటలాయన తల్లి గల్లా పక్కన పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఒలిచేది. గిరాకీ తగ్గాక కొడుకును పోరి మరీ నా పాట పెట్టించుకునేది. ఒకరోజు నన్ను దగ్గరకు పిలిచింది.

"వీని కాళ్లు కలుస్తలేవట! ఎగురుటానికి చేసినవా బిడ్డా, నడుచుటానికి చేసినవా?"

జవాబు కోసం ఆగకుండానే ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది.

"గిది నడిచేటోళ్ల పాట. నన్ను తీస్కపోయేనాడు గిదే కొట్టుండ్రి."

"నువ్వు నూరేండ్లుంటవవ్వా," అన్నాను నవ్వుతూ. నా మనసంతా కొడకండ్ల మీదే ఉంది.

ఆ పెళ్లి ఇంకా వారముందనగా అవ్వ పోయింది. హోటలాయన నడుముకు తువ్వాల చుట్టుకుని మా గడపలో నిలబడ్డాడు. "అవ్వ ఆ పాటే అడిగింది తమ్మీ," అన్నాడు.

మా పనిలో ఒక కట్టుబాటుంది. చావు ముందు మోగిన పాటను పెళ్లివారు గడప తొక్కనివ్వరు. ఒక్కసారి వాయించినా అంతే, అది చావు పాట. పెద్దబాపు నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు.

"రోజు కొట్టే చావు దరువు కొట్టినా ఎవ్వలేమనరు. నీ పాట కొడితే మాత్రం కొడకండ్ల మర్చిపో. నీ ఇష్టం."

నాకు అందరి మీదా కోపమొచ్చింది. ముసలామె మీద కూడా వచ్చింది, ఇంకో వారం ఆగలేకపోయిందా అని. ఛీ అనుకున్నాను, అయినా కోపం పోలేదు. క్లారినెట్ విప్పాను, తుడిచాను, బిగించాను, మళ్లీ విప్పాను. హోటలాయన అడిగిన మాట మళ్లీ అడగకుండా గడపలోనే నిలబడి ఉన్నాడు. ఎవరేమంటారోనని ఇన్నాళ్లు హోటళ్లలో చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆ పాట దేనికి పనికొస్తుందో చెప్పి, కావాలని అడిగింది ఆ ఒక్క మనిషే.

"నడువన్నా, వస్తున్నం," అన్నాను.

పాడె లేచింది. నేను ఎత్తుకున్నాను. ఉరికే భాగాన్ని డోలువాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గించారు. దరువు మారిన చోటల్లా మోసేవాళ్లు భుజం మార్చుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. ఒక్క అడుగు తడబడలేదు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్న హోటలాయన కాళ్లు కూడా కలిశాయి. ఏడుపొస్తే క్లారినెట్ పలకదు. అందుకని ఏడవకుండా వాయించాను.

ఆ సంగతి మాకంటే ముందే కొడకండ్ల చేరింది. పెద్దరైతు మనిషిని పంపాడు. "బ్యాండు రావాలె, గా పాట రావద్దు," అని. వెళ్లి తీన్మార్ కొట్టాం. పెళ్లికొడుకు మేనమామ చొక్కా చిరిగేదాకా ఎగిరాడు. జనం మమ్మల్ని తెగ మెచ్చుకున్నారు, నేను ఎవరి మొహమూ చూడలేదు.

దినాలైపోయాక హోటల్ తెరిచారు. నేను వెళ్లేసరికి పాత తీన్మార్ మోగుతోంది. హోటలాయన గల్లాలోంచి మా రెండో క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగ గిది ఈడ పెట్టను తమ్మీ. చాయ్ తాగుకుంట వినేది కాదు. అవ్వ యాదికొస్తే మీ ఇంటికొచ్చి వింట."

ఊరంతా మోగాలని కట్టిన పాట అది. పెళ్లికని కట్టింది చావుకు పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, లేదంటే అబద్ధం. ఆయన మాత్రం అన్నట్టే వచ్చేవాడు. మా అరుగు మీద కూర్చునేవాడు, నేను క్లారినెట్ తీసేవాణ్ని. పాట అయిపోయినా లేచేవాడు కాదు. నేను మళ్లీ మొదటి నుంచి అందుకునేవాణ్ని.