మిరపచేలో పచ్చ పరదా

వీరులపాడు చుట్టుపక్కల మిరపకోతలకు జయమణి ముఠా అంటే రైతులకు గురి. ఆమె పోయి ఏడాది దాటినా ఆ ముఠాను ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. కాయ నలగకుండా కోయించేది. చెప్పిన పొద్దుకు మనుషుల్ని ఆటోలో దించేది. నోరు మాత్రం పెద్దదే.

ముఠాకు ఒక అలవాటుండేది. పొద్దున ఆటో ఎక్కింది మొదలు ఇల్లు చేరేదాకా ఎవరూ నీళ్లు ముట్టరు. చేలో చాటుండదు, గట్ల మీద మగవాళ్లు తిరుగుతుంటారు. తాగితే ఒంటికి వెళ్లాలి కదా! నాలుక పిడచకట్టినా ఓర్చుకున్నదే మంచి కూలీ. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ ఓర్పు నేర్పింది జయమణే. కోడలు జాయిస్‌కూ నేర్పింది.

కడుపుతో ఉన్న జాయిస్‌కు ఐదో నెలలో చలిజ్వరం పట్టుకుంది. ఒంటికి వెళ్తే మంట. నందిగామలో డాక్టరమ్మ పరీక్ష చేయించింది.

"ఇన్ఫెక్షనమ్మా. ఆడవాళ్ల మూత్రనాళం పొట్టిది, క్రిములు తొందరగా పైకెక్కుతాయి. కడుపుతో ఉంటే మరీను. ముదిరితే నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. మందులు మానొద్దు. నీళ్లు బాగా తాగాలి, వస్తే ఆపుకోకూడదు."

తను నేర్పిన ఓర్పే కోడలి కడుపు మీదికొచ్చిందని జయమణికి అర్థమైంది. జాయిస్‌ను ఇంట్లో పడుకోబెట్టి, నేరుగా రైతు కృష్ణయ్య ఇంటికి వెళ్లింది. మర్నాడు ఆయన చేలోనే కోత.

"చేలో ఓ మూల పరదా కట్టించండి, డ్రమ్ముతో నీళ్లు పెట్టించండి. లేకపోతే మావాళ్లు చేలో దిగరండి."

"ఇదేం కొత్త సోకే జయమణీ? మా అమ్మ పెళ్లయిన కాడ్నించీ ఆ చేలోనే చేసింది. ఏమైందంట?"

అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తున్న ఆయన తల్లి దుర్గాంబ తలెత్తింది.

"ఏం కాలేదని నీకెవరు చెప్పార్రా? నువ్వు కడుపులో ఉండగా ఆ మంటతోనే చచ్చి బతికా. మీ నాన్నకి చెప్పుకోలేక నోట్లో కొంగు కుక్కుకున్నా. కట్టించు."

కృష్ణయ్య తల గోక్కున్నాడు. "కట్టిస్తాలేమ్మా."

మర్నాడు చేను మూల పచ్చ పరదా లేచింది, గట్టు పక్కన నీళ్ల డ్రమ్ము దిగింది. అయినా అటు వెళ్లినవాళ్లు లేరు.

"అందరూ చూస్తుండగా ఎట్టా పోతామక్కా, సిగ్గు కాదూ?" అంది పుష్పవతి.

జయమణి చెంబెడు నీళ్లు గటగటా తాగింది. కాసేపు కాయ కోసి, నడుం నిటారుగా నిలబెట్టింది.

"ఒంటికెళ్లొస్తా, నా సాలు చూస్తుండు పుష్పా!"

గట్టు మీద మగవాళ్లకు కూడా వినబడేలా కేకేసి, పెళ్లికి వెళ్తున్నట్టు నడిచి వెళ్లింది. చేనంతా నవ్వులు పేలాయి. ఆ నవ్వుల్లోనే పుష్పవతి డ్రమ్ములో చెంబు ముంచింది.