పూజగదిలో పోసిన నారు

మా అత్తగారు దుర్గాంబగారికి పావురాలంటే ఒళ్లు మంట. మయూర్ విహార్‌లోని మా ఫ్లాటు బాల్కనీలో పచ్చటి ఆకు కనిపిస్తే చాలు, మొదలంటా పీకేస్తాయి. అందుకే ఈసారి వరినారు ఇంట్లోనే పోశారు. పొద్దుటి ఎండ పూజగదిలోకే వస్తుంది కనుక మట్టి మూకుడు అక్కడ, కిటికీ కింద పెట్టారు.

అది మామూలు నారు కాదు. కోనసీమలో ఆవిడ తమ్ముడు కేశవరావు మావయ్య ఉన్న పొలమంతా రొయ్యల చెరువులు చేసి, చేతులు కాల్చుకుని, మళ్లీ వరి వేద్దామనుకున్నాడు. తాతల నాటి ఎర్రధాన్యం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. ఊరినుంచి తెచ్చి మా గుమ్మానికి కట్టిన వరికుచ్చులో మాత్రం కాసిని గింజలు మిగిలాయి.

"నా చేతిలో ఏదీ బతకట్లేదక్కా. నువ్వే మొలిపించు," అన్నాడు ఫోన్లో.

అత్తయ్య ఒక్క గింజ కూడా దాచలేదు. అన్నీ తడిగుడ్డలో మూటకట్టి, స్టవ్వు పక్కన వెచ్చగా ఉంచి మొలకెత్తించారు. మూకుట్లో చల్లాక గోరువెచ్చటి నీళ్లు చిలకరించడం, మొలకలు వెలుగువైపు వాలితే మూకుడు తిప్పడం. మా అమ్మాయి హారికకి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత హడావిడి చూడలేదు. మూకుడుకి పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు. కొత్త కుక్కరుకైనా బొట్టు పెట్టే మనిషి మరి.

రాములవారి కల్యాణానికి ముందురోజే ఆర్.కె. పురం గుడికి వెళ్తూ ఎదురింటి బిమలా ఆంటీకి తాళం ఇచ్చి, కాస్త నీళ్లు చిలకరించమన్నాం. నవమి సాయంత్రం తిరిగొచ్చి చూస్తే కిటికీ కింద మూకుడు లేదు.

అంతలో ఆంటీ హల్వా, శనగల ప్రసాదంతో నవ్వుతూ వచ్చింది.

"దీదీ, ఆప్ కీ ఖేత్రీ కిత్‌నీ హరీ థీ! అప్‌నీ కే సాథ్ జమునాజీ మే విసర్జన్ కర్ ఆయీ!"

ఇక్కడి ఉత్తరాదివాళ్లు చైత్ర నవరాత్రులకి కూడా మూకుట్లో బార్లీ మొలిపించి, ఖేత్రీ అని పూజించి, నవమినాడు నదిలో కలుపుతారు. మా నారు కూడా అదే అనుకుని, తనదానితోపాటు యమునలో కలిపొచ్చింది మహాతల్లి! అత్తయ్య ప్రసాదం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఆంటీని కూడా ఎక్కించుకుని ఆటోలో ఘాటుకి పరిగెత్తాం. ఒడ్డు పొడవునా నురగలో వందల ఖేత్రీలు, అన్నీ పచ్చగా, అన్నీ ఒక్కలాగే. అత్తయ్య బురదలో కూర్చుని ఒక్కో గడ్డనూ ఎత్తి, వేళ్లతో తడిమి, పక్కన పెడుతున్నారు. సంగతి తెలిసిన ఆంటీ కూడా ఏడుస్తూ పక్కనే వెతుకుతోంది. తిడదామని నోటిదాకా వచ్చింది కానీ ఎవర్ని తిట్టను?

చీకటి పడుతుండగా మావయ్య ఫోను చేశాడు.

"అక్కా, నారు ఎంత ఎదిగింది?"

"పోయిందిరా కేశవా."

"అయ్యో, పావురాలా?"

"కాదురా," అన్నారు అత్తయ్య. "దణ్ణం పెట్టి మరీ ఏట్లో కలిపేశారు."