వెనక కూర్చునే మనిషి

మా బావ బైకు సీట్లు చేస్తాడు. వాటికి కవర్లు కుట్టేది మా అక్క. కొట్లో బావది ఒకటే పట్టుదల. వెనక కూర్చునే మనిషి వచ్చి కూర్చుని చూస్తేగానీ ఫోమ్ మీద కత్తి పెట్టడు. "ముందువాడికి హ్యాండిలైనా ఉంది, వెనకవాళ్ళకి ఏముంది?" అంటాడు, పెద్ద న్యాయమూర్తిలా.

అంత పెద్దమనిషీ సొంత బండి కొనడానికి మాత్రం ఒక్కడే వెళ్ళాడు. షోరూములో రెండు నచ్చాయి. ఒకటి దూరప్రయాణాలకి వాడే టూరింగ్ బండి. వెనక సోఫాలాంటి సీటు, వీపుకి దిండు. రెండోది స్పోర్ట్స్ బైకు. రేసుబండిలా దూసుకుపోతుంది, వెనక సీటు అరచెయ్యంత. ఏది తెచ్చాడో వేరే చెప్పాలా?

అక్కకి నడుంనొప్పి. ఒక్కసారి ఎక్కింది. దిగి, "బండి బాగుందండీ" అంది. మర్నాటి నుంచి బస్సే. వెనక సీటు పెద్దది చేద్దామని బావ కొలతలు తీశాడుగానీ, బిగించడానికి ఆ బండికి చోటేదీ? ఇప్పుడు రోజూ సాయంత్రం అక్క ఎక్కిన బస్సు వెనకాలే ఆ స్పోర్ట్స్ బైకుని సైకిల్లా మెల్లగా నడుపుకుంటూ ఇంటికొస్తాడు.

మొన్న ఒకాయన సీటు చేయించుకోవడానికి ఒక్కడే వచ్చాడు. బావ అలవాటుగా నోరు తెరిచి, కుట్టుమిషను ముందున్న అక్కని చూసి మాట మింగేశాడు. "సరే, బండి వదిలి వెళ్ళండి" అన్నాడు నేలచూపులు చూస్తూ.

అక్క మిషను ఆపింది. గొంతులో వెటకారం లేదు, కోపమూ లేదు.

"మీ ఆవిణ్ణి తీసుకురండి అన్నయ్యా. వెనక కూర్చునే మనిషిని అడక్కుండా మా ఆయన కత్తి పట్టరు."