నల్ల చీటీ

గడియారాలు బాగుచేసి బతికిన మనిషికి చివరికి శవమని పేరొస్తుందని ఎవరైనా కలగంటారా? ఆయనకు మాత్రం అలాగే వచ్చింది. వీధిలో పిల్లలకి ఆయన శవం మావయ్య. పెద్దవాళ్ళు ఎదురుపడితే "ఏం మావయ్యగారూ, బావున్నారా" అనేవాళ్ళు, నాలుగడుగులు దాటాక ముందుండాల్సిన మాట కలుపుకునేవాళ్ళు. ఆయనకది తెలుసు. తెలిసీ మీసాల్లో నవ్వుకునేవాడు. ఒళ్ళు మండేది ఆయన భార్యకే.

ఒక కుర్చీ పడితే నిండిపోయే కొట్టు ఆయనది. కంటికి భూతద్దం బిగించుకుని వెంట్రుకంత స్ప్రింగుని దాని చోట కూర్చోబెట్టడం ఆయన విద్య. గట్టిగా ఊపిరి వదిలితే అది ఎగిరిపోతుంది, ఇక పూటంతా నేలమీద పాకుతూ వెతుక్కోవాలి. అందుకని ఊపిరి తీస్తున్నట్టు తనకే తెలియకుండా ఊపిరి తీయడం అలవాటు చేసుకున్నాడు. తర్వాత జనం ఫోనులో టైము చూసుకోవడం మరిగారు. కొట్టు మూతపడింది, అలవాటు మాత్రం పోలేదు.

ఆ రోజుల్లోనే ఎక్కడో దూరదేశంలో ఆట చూసి బయటికొస్తున్న జనం మధ్య బాంబు పేలింది. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊరి స్టేడియానికి నిద్ర పట్టలేదు. పేలుడు జరిగితే ఏం చెయ్యాలో సిబ్బందికి రిహార్సల్స్ మొదలుపెట్టారు. రిహార్సల్ అంటే దెబ్బలు తిన్నవాళ్ళు కావాలి, పోయినవాళ్ళూ కావాలి. చుట్టుపక్కల వీధుల్లో తీరికగా ఉన్నవాళ్ళని పిలిచారు. తీరిక విషయంలో ఈయన్ని మించినవాడు లేడు కదా, వెళ్ళాడు.

మొదటిసారే పేరు పడిపోయింది. తక్కిన శవాలు తుమ్మాయి, గోక్కున్నాయి, ఒక శవమైతే ఫోన్ మోగితే "తర్వాత చేస్తా" అని చెప్పింది. ఈయన మాత్రం కదల్లేదు. దాటుకుంటూ వెళ్తున్న కుర్రాడొకడు అనుమానమొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, గాలి తగల్లేదు. వాడు నిజంగానే డాక్టర్ని పిలుస్తూ పరిగెత్తాడు. ఆ సాయంత్రం రిహార్సల్స్ నడిపించే ఆఫీసరు స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు. జీవితంలో ఏ ఆఫీసరూ ఆయనతో అంతకుముందు చెయ్యి కలపలేదు.

"పొద్దున్నే లేచి చావడానికి బయల్దేరారా?" అనేది భార్య, రిహార్సల్ ఉన్నరోజున కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి.

"మధ్యాహ్నానికి లేచొచ్చేస్తానే," అనేవాడు ఈయన.

"ఆ మాటలే వద్దన్నది!"

వద్దనడానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. స్టేడియం వెనక గదిలో ఒంటికి ఎర్రటి పాకం పూసేవాళ్ళు, రక్తంలా కనబడాలని. ఆ తీపికి ఈగలు ముసిరేవి, తోలుకోకూడదు. మెడలో రంగు చీటీ వేసేవాళ్ళు. ఆకుపచ్చదైతే ఆ మనిషి నడవగలడు. పసుపుదైతే కాసేపు ఆగగలడు. ఎర్రదైతే ముందుగా మోసుకుపోవాలి. నల్లదైతే అయిపోయింది, ఆ మనిషి దగ్గర ఎవరూ ఆగకూడదు. సాయం చేసేవాళ్ళు మొహాలు చూడకూడదు, చీటీలే చూడాలి. మొహం చూస్తే కాళ్ళాడవని వాళ్ళ శిక్షణలో మొదటి పాఠం. ఈయనకెప్పుడూ నల్ల చీటీయే.

చీటీ వేసుకుని గ్యాలరీ మెట్ల దగ్గర తమకు కేటాయించిన చోట పడుకోవాలి. అప్పుడు మైకుల్లో ఏదో పాత ఆట తాలూకు జనం గోల వేసేవారు. అన్ని వేల సీట్లలో ఒక్క మనిషి లేడు. అయినా చప్పట్లు, ఈలలు, ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలవడం, ఒక పసిపిల్ల ఏడుపు. గోల్ పడినట్టు హోరు లేచేది. ఆ హోరులో ధన్‌మని ఒక చప్పుడు, వెంటనే మైకులు కట్టేసేవారు. ఆ పిల్ల ఏడుపు సగంలో తెగిపోయేది. ప్రతిసారీ అక్కడే తెగిపోయేది. ఆ పిల్ల ఈపాటికి పెద్దదై ఎక్కడో బడికెళ్తూ ఉంటుందని ఆయన తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

చచ్చి చచ్చి ఆయనకో పాడు అలవాటు అంటుకుంది. బస్సులో కూర్చుంటే ఎదురుగా ఉన్నవాళ్ళ మెడల్లో చీటీలు కనబడేవి. ఈ లావుపాటాయన పసుపు. ఆ కండక్టరు ఎరుపు. కిటికీ దగ్గర నవ్వుకుంటున్న జంటలో అమ్మాయి ఆకుపచ్చ, అబ్బాయి నలుపు. ఒకనాడు అన్నం తింటూ ఈ సంగతి భార్యతో అన్నాడు. ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నా మెడలో ఏ రంగు కనబడింది?"

ఆయన మజ్జిగ పోసుకున్నాడు. ఆ రాత్రి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ఇక చెల్లెలి సంగతి. చిట్టి అని పిలుస్తారు గాని మనిషి చిన్నదేం కాదు, జుట్టు సగం నెరిసింది. భర్త పోయాక అన్నగారింటి కింది గదిలో ఉంటూ బడి బస్సులో ఆయాగా పనిచేసేది. ఆవిడ ఎక్కితే బస్సంతా కిలకిలే. ఎంతటి మొండి పిల్లనైనా చక్కిలిగిలి పెట్టి సీట్లో కూర్చోబెట్టేది. సెలవులకి బడి మూసేశారు, ఆవిడకి ఇంట్లో తోచలేదు.

"నేనూ వస్తానన్నయ్యా. పడుకుంటే భోజనం పెడతారట, ఇంతకన్నా మంచి కొలువు ఎక్కడ దొరుకుతుంది?"

ఆయనే వెంటబెట్టుకెళ్ళాడు, ఆయనే నేర్పాడు. ఊపిరి పొట్టలోంచి కాకుండా గొంతులోంచి తీసుకోవాలి. కళ్ళు గట్టిగా మూయకూడదు, వదిలెయ్యాలి. దురద పెడితే దాన్ని వేరే ఎవరిదో అనుకోవాలి. అన్నీ బుద్ధిగా విని, తీరా పక్కన పడుకున్నాక అన్నగారి అరచేతిలో వేలితో గీకింది. శవం మావయ్య ఫక్కున నవ్వేశాడు. అన్నేళ్ళ పరువు పోయింది. ఆఫీసరు వచ్చి మీద నిలబడి, "మీరు కూడానా?" అన్నాడు. అంతే అన్నాడు. తిట్టినా బావుండేది.

"ఇంకోసారి గిల్లు, గీకు, నీ ఇష్టం," అన్నాడు ఇంటికొచ్చాక చెల్లెలితో, నిజమైన కోపంతో. "నేను పలకను."

"చూద్దాం ఎవరు గెలుస్తారో," అని నవ్వింది చిట్టి.

ఇంతలో పెద్ద పోటీలు దగ్గరపడ్డాయి. దేశదేశాల జట్లు వస్తున్నాయి. ఊరు చూస్తే పెళ్ళివారిల్లులా ఉండాల్సింది, అలా లేదు. బాంబు పెడతామని ఎవరో ఆకాశరామన్నలు ఫోన్లు చేస్తున్నారన్నారు. వీధుల్లో చెత్తడబ్బాలన్నీ ఎత్తుకుపోయారు, వాటిలో ఏమైనా పెడతారని. అరటిపండు తిన్నవాడు తొక్క చేత్తో పట్టుకుని ఇంటిదాకా నడవాల్సి వచ్చేది. స్తంభానికో కెమెరా వేలాడదీశారు. బస్టాపులో ఎవరో మరిచిపోయిన సంచీ చుట్టూ పోలీసులు తాడు కట్టి, జనాన్ని మైలు దూరం తరిమి, తీరా విప్పితే ఉతకాల్సిన బట్టలున్నాయి. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఎవరి సంచీ వాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారు.

పోటీలకు ముందు చివరి రిహార్సల్ అన్నిటికన్నా పెద్దది. బయటి దేశాల భద్రతా అధికారులు చూడ్డానికొస్తున్నారు, టీవీ వాళ్ళొస్తున్నారు. ఎండ చురుక్కుమంటోంది. అన్నాచెల్లెళ్ళు పక్కపక్కనే వెల్లకిలా పడుకున్నారు, ఇద్దరికీ నల్ల చీటీలే. అవతల వాళ్ళ వీధిలో పాలుపోసే ఆయన ఎర్ర చీటీతో పడుకుని, ఇంకా ఏమీ మొదలవకముందే మూలుగులు సాధన చేస్తున్నాడు.

"తల దిమ్ముగా ఉందన్నయ్యా," అంది చిట్టి.

"ఎండ. మాట్లాడకు."

జనం గోల మొదలైంది. హోరు లేచింది. చప్పుడు. పసిపిల్ల ఏడుపు సగంలో తెగింది. ఆ నిశ్శబ్దంలో ఆయన అరచేతిలో వేలు గీకింది.

ఆయన బిగపట్టాడు. మళ్ళీ గీకింది, ఈసారి గట్టిగా, గోరు దిగేలా. అదే సమయానికి బూట్ల చప్పుడు దగ్గరికొచ్చి తల దగ్గర ఆగింది. ఆఫీసరు గొంతు. "వీరిని చూడండి. మాకున్న వాళ్ళలో ఉత్తములు. శ్వాస తీస్తున్నారో లేదో చెప్పగలరా?" దుబాసీ ఆ మాట వేరే భాషలోకి మార్చాడు. ఎవరెవరో ఆశ్చర్యపడుతూ వంగి చూశారు, వాళ్ళ నీడ కనురెప్పల మీద చల్లగా పడింది. పక్కనుంచి "న్నయ్..." అని సగం మాట, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు. ఎంత బాగా ఏడిపిస్తోందో అనుకున్నాడాయన. వేలు మళ్ళీ గీకింది గాని ఈసారి మెత్తగా. ఇంకోసారి, అంతకన్నా మెత్తగా. తర్వాత ఆ చెయ్యి ఆయన చేతిమీద అలాగే వాలి ఉండిపోయింది. ఆఫీసరు ఇంకా చెబుతూనే ఉన్నాడు. చెల్లెలికి పని పట్టుబడిందని ఆయన సంతోషించాడు.

బూట్లు దూరమయ్యాయి. ఆ చెయ్యి బరువుగా ఉంది. నిద్రపోయిన పిల్లల చేతులు కూడా అంత బరువుండవు. ఆయన ఒక కన్ను తెరిచాడు. చిట్టి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆయన్నే చూస్తున్నాయి. మూతి ఒక పక్కకి జారిపోయి, చొంగ చెంపమీదుగా మెట్టుమీదికి కారుతోంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇలా రండి! మా చెల్లికేదో అయింది!"

శవం లేస్తే ఎవరు మాత్రం నమ్ముతారు? స్ట్రెచర్ పట్టుకుని వెళ్తున్న ఇద్దరు ఆయన మెడలో చీటీ చూశారు, ఆవిడ మెడలో చీటీ చూశారు, దాటిపోయారు. "పడుకోండి సార్, టీవీ వాళ్ళున్నారు," అని ఒకడు పళ్ళబిగువున అన్నాడు. ఇంకొకతను మెచ్చుకోలుగా, "పిచ్చెత్తిన బంధువు వేషం కూడా పెట్టారన్నమాట," అంటూ వెళ్ళిపోయాడు. ఆయన ఎవరి చొక్కా పట్టుకుంటే వాళ్ళు విడిపించుకున్నారు. అందరి కళ్ళూ చీటీ దగ్గరే ఆగిపోతున్నాయి, మొహందాకా రావడంలేదు. తను నిజంగానే పోయాడేమో, అందుకే ఎవరికీ వినబడటంలేదేమో అని ఒక్క క్షణం ఆయనకు అనిపించింది.

అప్పుడు ఈయన వెళ్ళి పాలాయన మీద పడి అతని మెడలో ఎర్ర చీటీ లాగేశాడు. "నాదండీ అది!" అని పాలాయన లేచి కూర్చున్నాడు. ఈయన తన చెల్లెలి మెడలో నల్ల చీటీ తెంచి అవతల పారేసి ఎర్రది వేశాడు. వేసీ వెయ్యగానే స్ట్రెచర్ వచ్చి ఆగింది. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఎత్తుకుని పరుగు తీశారు.

గుడారంలో నర్సు వంగి, చీటీ మీద రాసున్న గాయం చదివి పొట్టకి కట్టు కట్టబోయింది.

"నాటకం కాదమ్మా," అన్నాడాయన, ఒళ్ళంతా ఎర్రపాకం కారుతుండగా, నర్సు గడ్డం పట్టుకుని. "చీటీ కాదు తల్లీ, మొహం చూడు."

నర్సు చూసింది. కట్టు కింద పడేసింది.

చిట్టి బతికింది. నడక వచ్చింది, మాట కూడా చాలామటుకు వచ్చింది. ఎడమచెయ్యి రాలేదు. మెదడులో నెత్తురు గడ్డకట్టిందనీ, ఇంకొంచెం ముందు తెచ్చుంటే చెయ్యి కూడా దక్కేదేమో అనీ ఆసుపత్రి డాక్టరు అన్నాడు. గడియారాలతో బతికిన మనిషికి ఆ ఇంకొంచెం ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు. దుబాసీతో సహా ఆఫీసరు మాట్లాడినంతసేపు.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? వీధి వీధంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. శవం లేచి ప్రాణం పోసిందని పేపర్లో ఫోటో వేశారు. భార్య మొదటిసారి కాఫీ గ్లాసు నెమ్మదిగా పెట్టింది. పాలాయన తన చీటీ కథ ఇంటింటికీ పాలతోపాటు పోశాడు. ఆయన మాత్రం చెల్లెలికి అన్నం కలిపిపెడుతూ, ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఇప్పుడడుగుతుందని వణికేవాడు. నేను గీకినట్టు నీకు తెలిసింది కదూ అని. ఆవిడ ఉప్పు తక్కువైందనేది, బస్సులో పిల్లలు ఎలా ఉన్నారో కనుక్కోమనేది. అది మాత్రం అడిగేది కాదు.

పోటీలు మొదలయ్యాయి. ఆఫీసరు ఇద్దరికీ పాసులు పంపాడు. "వెళ్దామన్నయ్యా," అంది చిట్టి. "ఆ మెట్లమీద కూర్చుని కూడా చూడాలి కదా."

గేటు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఆయన ఎవరి మెడవైపూ చూడకుండా నేల చూసుకుంటూ నడిచాడు. ఆడవాళ్ళ వరుస, మగవాళ్ళ వరుస పక్కపక్కనే, మధ్యలో ఒక తాడు. తనిఖీ చేసే అమ్మాయి చిన్నపిల్ల, కళ్ళకింద నల్లబడి ఉంది, నిద్రలేనట్టుంది.

"రెండు చేతులూ పైకెత్తండమ్మా."

చిట్టి కుడిచెయ్యి ఎత్తింది.

"రెండూ ఎత్తాలి." అమ్మాయి గొంతు మారింది. చీర కొంగు కింద దాగిన ఎడమచేతినే చూస్తూ ఒకడుగు వెనక్కి వేసింది. నడుముకున్న రేడియో మీద చెయ్యి పడింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు కూడా వెనక్కి జరిగారు, ఒకావిడ పిల్లని చంకనేసుకుంది. ఇట్టే చిట్టి చుట్టూ ఖాళీ ఏర్పడింది. "ఆ చేతిలో ఏముంది? చెయ్యి చూపించండి!"

"ఏమీ లేదమ్మా, భయపడకు," అంది చిట్టి, కాస్త నత్తిగా, బస్సు పిల్లలతో మాట్లాడినట్టు నవ్వుతూ. "అది చచ్చిపోయినట్టు పడుకుంది. ఎవరు పిలిచినా పలకదు. మా అన్నయ్యే నేర్పాడు."

చెప్పి అన్నగారివైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తెలియకపోవడమూ లేదు.

అమ్మాయికి అర్థమై సిగ్గుపడి నవ్వింది. వరుసలో వాళ్ళూ నవ్వారు. ఆయన తాడు కిందనుంచి దూరి వచ్చి, కొంగు తొలగించి, చెల్లెలి ఎడమచేతిని తన రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. అమ్మాయి చంక కింద, నడుము చుట్టూ తడిమి చూసి, "సరేనండీ, దించొచ్చు," అంది. ఆయన దించలేదు. అమ్మాయి మళ్ళీ చెప్పింది.